సెల్వి మేడం

"సార్, సెల్వి మేడం పోయిందంట."

ఈ ఏడు ఇంటర్ పేపర్లు దిద్దే క్యాంపులో మొదటి రోజు, ఇంకా కట్ట విప్పకముందే, నా పక్కన కొత్తగా వచ్చి కూర్చున్న కుర్ర లెక్చరర్ అన్నాడు. నాకు తెలిసినవాళ్ళలో సెల్వి మేడం అంటూ ఎవరూ లేరు. ఎవరప్పా ఆమె అని అడిగాను.

"అదే సార్, తిరుపతిలో మాకు లెక్కలు చెప్పిన మేడం. ఏటా మీ పక్కన కిటికీ కాడ కూర్చుంటాదే."

ఎర్ర పెన్ను మూత తీసినవాణ్ణి మళ్ళీ పెట్టేశాను. కిటికీ దగ్గర కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది ఆ కుర్రాడే. ఆమె ఇంకా రాలేదనీ, బస్సు ఇటే వస్తుందా అని ముగ్గుర్ని అడిగి నిదానంగా వస్తుందనీ అనుకుంటూ ఉన్నాను. చలికాలంలో జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరిందట, మళ్ళీ ఇంటికి రాలేదట. మా లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట కూడా. ఆ గ్రూపులో పొద్దున లేస్తే పూలూ, దేవుళ్ళూ, శుభోదయాలూ. వాటి కింద ఒక మనిషి చావు కొట్టుకుపోయింది, నేను చూడలేదు.

"ఆమె పేరు సెల్వి కాదబ్బా" అన్నాను.

కుర్రాడు బిత్తరపోయాడు. "అవునా సార్? మేమంతా అదే పేరనుకుంటిమి. క్లాసులో లెక్క అయిపోతానే 'అర్థమైందా సెల్వీ?' అనేది. మా క్లాసులో సెల్వి అని ఎవరూ లేరు. సీనియర్లను అడిగితే వాళ్ళ క్లాసులో గూడా లేదంట. తనకు తానే చెప్పుకుంటాదేమోలే అని ఆ పేరే పెట్టేసినాం."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఆమె అసలు పేరు నాకు తెలుసు, ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని ఎర్ర సిరా ఖర్చుపెట్టినవాణ్ణి. ఇక్కడ మాత్రం రాయను. పిల్లలు పెట్టిన పేరే ఆమెకు ఎక్కువ నప్పుతుంది, ఎందుకో చెబుతాను.

నేను ఆ క్యాంపుకు మొదటిసారి వెళ్ళినప్పుడు అది చిత్తూరులో జరిగేది. ఎండలు మండిపోయే రోజులు. హాల్లో ఫ్యాన్లు చప్పుడు బాగా చేసేవి, గాలి సంగతి మాత్రం అడక్కూడదు. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ నా వైపు తిరిగి, "ఏ వూరప్పా మనది?" అని అడిగింది. సత్యవేడు అన్నాను. అంతే, పెన్ను కింద పెట్టేసింది.

"సత్యవేడంటే టౌనేనా, పల్లెనా? ఏ దిక్కు పల్లెలు తెలుసు నీకు? మీ వాళ్ళంతా ఆడనే ఉండారా? ఆడ్నుంచి మద్రాసు దిక్కు కూలికి పోయినోళ్ళు ఎవరన్నా తెలుసునా?"

మన దిక్కున కొత్త మనిషి ఊరడిగి, వీధడిగి, చుట్టాలనడిగితే ఏం కనుక్కోవడానికో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాపం, కులం నేరుగా అడగలేక ఊరంతా తిరుగుతోందనుకున్నాను. రెండో రోజూ అదే వరస వచ్చేసరికి విసుగుపుట్టి నేనే నా కులం చెప్పేశాను. ఆమె కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "దాన్ని ఎవరడిగినారప్పా?" అంది. ఆ రోజంతా తలెత్తలేకపోయాను. ఆ తర్వాత నా పేరు కూడా మర్చిపోయినట్టుంది, ఎప్పుడూ "ఏమప్పా సత్యవేడూ" అనే పిలిచేది.

జిల్లాలు విడిపోయి క్యాంపు తిరుపతికి మారాక కూడా ఆమె కిటికీ వదల్లేదు. ఆ కిటికీలోంచి చూస్తే గేటు, గేటు బయట బస్టాపు. పేపర్ దిద్దుతూ దిద్దుతూ తలెత్తి బస్సు దిగే ఆడవాళ్ళను చూసేది. చూసి, మళ్ళీ తల దించి, ఆగిన చోటునుంచే దిద్దేది. ఒక్క మార్కు అటూ ఇటూ కాలేదెప్పుడూ.

సరిచూసుకోవడం ఆమెకు ఒక రోగం. లెక్క జవాబు దగ్గర అయిపోదు ఆమెకు. వచ్చిన జవాబును తీసుకెళ్ళి మొదటి సమీకరణాల్లో పెట్టి, రెండు పక్కలా సరిపోతేనే లెక్క అయినట్టు. "యెనక్కి పెట్టి సూడు" అనేది. పిల్లలకే కాదు, లోకానికంతా అదే మాట. తలుపు తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి ఒకసారి లాగి చూసేది. బస్సు తిరుపతికి పోతుందా అని కండక్టర్ని అడిగేది, డ్రైవర్ని అడిగేది, లోపల కూర్చున్నవాళ్ళలో ఒకర్ని అడిగేది. ముగ్గురూ ఒకే మాట చెబితేనే కాలు పైకి పెట్టేది. తన పెరుగన్నం తను సగం తిన్నాక కూడా, ఒక ముద్ద నా డబ్బా మూతలో పెట్టి, "ఉప్పు సరిపోయిందేమో సూడప్పా" అనేది.

మాట్లాడేటప్పుడు ఒక అలవాటు ఉండేది. కుడి అరచెయ్యి పైకి పెట్టి, పెనం మీద దోసె తిరగేసినట్టు టక్కున బోర్లించేది. ఏ మాటకైనా సరే. "టీ చల్లారిపోయింది" అన్నా చెయ్యి తిరగబడేది. మేమంతా చాటుగా అది చేసి చూపించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ తిప్పడం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికి నాకు తెలియదు.

లెక్కల్ని జీవితానికి ముడిపెట్టి మాట్లాడేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. ఒకసారి క్యాంపు ముగింపు రోజున ఒకాయన మైకు పట్టుకుని, జీవితం కూడా ఒక మాత్రికే, ప్రతి కష్టానికీ ఒక విలోమం ఉంటుంది అని దంచుతున్నాడు. ఈమె నా చెవి దగ్గర, "ముందు నిర్ధారకం కనుక్కోమనప్పా. సున్నా వస్తే యాడ తెస్తాడు విలోమం?" అంది. నేను పకపకా నవ్వాను, ముందు వరసలోవాళ్ళు తిరిగి చూశారు. ఆమె మొహంలో నవ్వు లేదు.

లెక్కలతో పొత్తు వదిలి చాలాకాలమైనవాళ్ళకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. మూడు సమీకరణాలుంటాయి, కనుక్కోవాల్సిన సంఖ్యలు మూడు. ఆ మూడింటి ముందున్న అంకెల్ని మూడు అడ్డ వరసలుగా పట్టిక రాస్తాం. అదే మాత్రిక. దానికి విలోమ మాత్రిక కనుక్కుని, కుడి పక్కనున్న సంఖ్యల్ని దాంతో గుణిస్తే జవాబు ఒక్కసారిగా వచ్చేస్తుంది. విలోమం కోసం మాత్రికలో ఒక్కో అంకెకూ, మిగతా వరసల అంకెల్లోంచి కోఫాక్టర్ అనే ఒక సంఖ్య కట్టి ఇంకో పట్టిక రాయాలి. ఆ పట్టికను తిప్పాలి, అంటే అడ్డ వరసలు నిలువు వరసలైపోవాలి. తర్వాత నిర్ధారకం అనే ఒక సంఖ్యతో భాగించాలి, అది సున్నా అయితే విలోమమే లేదు. పెద్ద కష్టమేం కాదు. పిల్లలు మర్చిపోయేదల్లా ఆ తిప్పడమే.

క్యాంపు ఇంకా చిత్తూరులో ఉన్నప్పుడే నా కట్టలో ఒకసారి అలాంటి పేపరు వచ్చింది. ముత్యాల్లాంటి చేతిరాత, కోఫాక్టర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, పట్టిక మాత్రం తిప్పలేదు. అక్కణ్ణుంచి చివరిదాకా అంతా తప్పే. పద్ధతి ప్రకారం అక్కడిదాకా వచ్చే మార్కులు వేసి, కింద అడ్డంగా గీత కొట్టబోయాను. పక్కనుంచి చెయ్యి వచ్చింది.

"ఆ పేపర్ ఒకసారి ఇటియ్యప్పా."

ఇచ్చాను. దాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళి, ఈ లెక్కకు మిగిలిన మార్కులు కూడా ఇవ్వాలంది.

"ఎట్లిస్తాం మేడం? తిప్పలేదు కదా" అన్నాడాయన.

"తప్పు ఈ బిడ్డది కాదు సార్. నేర్పినోళ్ళది."

"మీకెట్ల తెలుసు?"

"ఇంత పొందిగ్గా రాసే బిడ్డ ఒక మెట్టు తనంతట తాను ఎగరగొట్టదు. తిప్పాలని ఎవరూ చెప్పలేదు దీనికి."

హాలంతా నవ్వింది. అర మార్కు కూడా ఊరికే వదలని మనిషి, ఈ ఒక్క తప్పు దగ్గర ఇలా అయిపోతుందేమిటని. చీఫ్ ఒప్పుకోలేదు, ఒప్పుకునే వీలూ లేదు. ఆమె పేపర్ తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ తన కట్ట ముందుకు లాక్కుంది.

ఆ సాయంత్రం చిత్తూరు నుంచి తిరుపతి బస్సులో ఇద్దరం పక్కపక్కన పడ్డాం. నేను మా అక్క ఇంటికి పోతున్నాను. ఊరు దాటాక, నేనేమీ అడక్కుండానే చెప్పింది.

చాలా ఏళ్ళ కిందట మా దిక్కు ఒక మండలంలోనే, ప్రభుత్వ కాలేజీలో ఆమె కాంట్రాక్టు లెక్చరర్. పరీక్షలు దగ్గరపడ్డాయి, పాఠాలు మిగిలిపోయాయి. మాత్రికల చివరి పద్ధతికి ఒకటే క్లాసు మిగిలింది. పిల్లలు బెదిరిపోకూడదని సులువైన లెక్క ఒకటి తయారుచేసుకుని వెళ్ళిందట. మొదటి వరస రెండు, ఒకటి, ఒకటి. రెండోది ఒకటి, రెండు, ఒకటి. మూడోది ఒకటి, ఒకటి, రెండు. కుడి పక్క ఏడు, ఎనిమిది, తొమ్మిది. జవాబు ఒకటి, రెండు, మూడు.

"ఆ పట్టికను అడ్డంగా చదివినా, నిలువుగా చదివినా ఒకటేనప్పా. దాని కోఫాక్టర్లూ అంతే. తిప్పితే ఏమొస్తాదో, తిప్పకపోయినా అదే వస్తాది. ఇంక తిప్పేదేముండాదిలే అని నేరుగా రాసేసినా. తిప్పల్ల అని నోటితో అన్నా చెప్పినానా అంటే, అదీ లేదు. జవాబు ఒకటి, రెండు, మూడు అని వచ్చేతలికి పిల్లోళ్ళంతా ఒకటే సంతోషం."

మిగతా పిల్లలకు ట్యూషన్లున్నాయి, గైడ్లున్నాయి. ముందు బెంచీలో కూర్చునే సెల్వికి ఏమీ లేవు. అమ్మానాయనా కూలికి పోయేవాళ్ళు. ఆ పిల్లకు లెక్కలంటే ఈ మేడం, మేడం అంటే లెక్కలు. పరీక్షలో అదే పద్ధతిలో లెక్క వచ్చింది, కానీ ఈ మాత్రిక అలా రెండు పక్కలా ఒకటిగా లేదు. సెల్వి ఫెయిలైంది, కొద్దిలో.

ఫలితాలొచ్చిన మర్నాడు సెల్వి కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్ కూర్చుని ఉన్నాడు. లెక్కల్లో ఇంతమంది ఎందుకు పోయారు, ఎవరి కాంట్రాక్టు పొడిగించాలి అనే మాటలే నడుస్తున్నాయి. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, "మాత్రికల లెక్క పూర్తిగా రాసినా మేడం. ఎట్ల పొయింది?" అంది. టైంటేబుల్ రాసే బోర్డు మీద మూలన కొంచెం జాగా ఉంటే, సుద్దముక్క తీసుకుని ఆ లెక్క వేసి చూపించింది.

"నా కళ్ళ ముందర యేసింది సత్యవేడూ. నేను నేర్పినట్టే, అట్లే, తిప్పకుండా. యేసి నా మొహం చూసింది." కిటికీ వైపు తిరిగింది. "ప్రిన్సిపాల్ గూడా నన్నే చూస్తాండాడు. తప్పు నాదని అనలేకపొయినా. సప్లిమెంటరీకి కట్టు అన్నా. నాకు లెక్కలు వచ్చినాయనుకుంటి మేడం అని ఆ బిడ్డ ఎల్లిపోయింది."

కాంట్రాక్టు పొడిగించారు. ఆ కాగితం చేతికొచ్చిన మర్నాడే సెల్వి ఊరికి వెళ్ళిందట. ఇంటికి తాళం. ఇటుకల బట్టీకి పోయారని ఒకరు, మద్రాసు దిక్కని ఒకరు. అదే ఆఖరు.

నేను ఊరుకోలేక తెలివితక్కువగా ఒక ఓదార్పు మాటన్నాను. ఆ ఒక్క లెక్కతోనే తప్పిందని ఏముంది మేడం, ఇంకెక్కడైనా పోయుండొచ్చు కదా అని.

"ఫెయిలైందని కాదప్పా నా బాధ. ఆ బిడ్డ తనకు లెక్కలు రావనుకోని బతకతాంటాది. అది అబద్ధం. ఆ అబద్ధం నేను సెప్పింది. తప్పు నాది, నీది కాదు అని ఒక్క మాట దాని మొహం మీద చెప్పల్ల." అరచెయ్యి తిరగబడింది. "అప్పుటికి యెనక్కి పెట్టి చూసుకునేది గూడా నేర్పలేదు నేను. నేర్పింటే జవాబు సరిపోలేదని దానికే తెలిసిపోయుండేది."

ఆ రోజు నుంచి నేనూ అడగడం మొదలుపెట్టాను. సత్యవేడు చుట్టుపక్కల ఏ పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, సెల్వి అనే మనిషి గురించి వాకబు చేశాను. మా దిక్కు సెల్వులకేం కొదవ. కనబడినవాళ్ళెవరూ ఆ సెల్వి కాదు. ఏటా క్యాంపు మొదటిరోజు నేను కుర్చీ లాక్కోగానే ఆమె, "కనపడిందా?" అనేది. లేదు మేడం అనేవాణ్ణి. బాగున్నావా అని అడిగితే బాగున్నాననడం మాదిరి అలవాటైపోయింది మాకు.

ఒకసారి క్యాంపు అయిపోయాక నలుగురం కలిసి కొండకు పోయాం. ఘాట్ రోడ్డు బస్సులో అందరూ గోవిందనామాలు చెబుతుంటే ఈమె వెనక్కి తిరిగి వెనక సీట్లలోవాళ్ళను చూస్తోంది. క్యూ గదుల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టారు. ఆమెకు విసుగే లేదు. కడ్డీల అవతలి గదిలో ఉన్న ఆడవాళ్ళను ఒక్కొక్కర్నీ చూస్తోంది. సెల్వి వయసు ఇప్పుడు ఎంతుంటుందో లెక్క కట్టుకుని, ఆ వయసువాళ్ళ దగ్గర చూపు ఆగుతోంది. ఒకామె దగ్గరికి వెళ్ళి ఏ వూరమ్మా అని కూడా అడిగొచ్చింది. కర్నూలు మనిషట.

చివరికి గర్భగుడి ఎదురుగా వచ్చాం. అక్కడ మనకు దొరికేది ఒక్క క్షణం, జరగండి జరగండి అని తోసేస్తారు. నేను చేతులు జోడించి పక్కకు చూస్తే, ఈమె స్వామికి వీపు పెట్టి, వెనక వస్తున్న ఆడవాళ్ళ వరసను చూస్తోంది. తోసేశారు. బయటపడ్డాక నాకు కోపం ఆగలేదు.

"సామిని చూసినారా మేడం?"

"లేదప్పా."

"ఇంతసేపు పడిగాపులు పడి, ఆడికి పోయి వెనక్కి తిరుగుతారా ఎవరన్నా?"

"సామి యాడికి పోతాడు? ఈడనే ఉంటాడు" అంది. లడ్డూల కౌంటర్ దగ్గర కూడా ఆ కళ్ళు ఊరుకోలేదు. ఆ రోజు నాకు మొదటిసారి ఆమె పక్కన నిలబడాలంటే భయమేసింది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, ఒంటరి ఇల్లు. ఆ ఇంట్లో కూడా సాయంత్రంపూట ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుందేమో అనిపించింది. ఆ కుర్రాడు చెప్పింది విన్నాక, మాట్లాడే ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఏప్రిల్లో ఆమె లేని క్యాంపు ఎలాగో నడిచింది. మూడో రోజో నాలుగో రోజో నా కట్టలో పట్టిక తిప్పని పేపరొకటి వచ్చింది. నాకు తెలియకుండానే దాన్ని పక్కకు చాపాను. "ఏం సార్?" అన్నాడు కుర్రాడు. ఏం లేదప్పా అని వెనక్కి తీసుకుని, పద్ధతి ప్రకారం గీత కొట్టాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వానాకాలంలో మా కాలేజీలో మాత్రికలు మొదలుపెట్టాను. ఇంకా విలోమం దాకా రాలేదు. ఎవరికైనా ముందే తెలుసా అని ఊరికే అడిగితే ఒక అమ్మాయి లేచింది. చురుకైన పిల్ల, ఎక్కువ మాట్లాడదు. బోర్డు దగ్గరికి వచ్చి గబగబా కోఫాక్టర్లు కట్టింది. ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదు. పట్టిక రాసింది. తిప్పకుండా నిర్ధారకంతో భాగించేసింది.

"తిప్పలేదేం పాపా?"

"పుస్తకంలో తిప్పినారు సార్. మాయమ్మ తిప్పే పని లేదనింది. మాయమ్మకు వాళ్ళ మేడం అట్లే నేర్పిందంట."

"మీ అమ్మ పేరేమి?"

"సెల్వి సార్. కంపెనీలో కుట్టుపని."

మేడం పోయి ఏడాది కాలేదు. ఆమె ఆ రోజు ఆ క్లాసులో వదిలేసిన మెట్టు మాత్రం నా బోర్డు మీద, తెల్ల సుద్దతో, నా కళ్ళ ముందు ఉంది. ఇన్నాళ్ళూ ఆమె బస్టాపుల్లో వెతికితే, అది ఒక ఇంట్లో తల్లి నుంచి బిడ్డకు పాఠమై నడుస్తోంది. ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాను. రేపు మీ అమ్మను ఒకసారి రమ్మను అని చెప్పాను.

మర్నాడు షిఫ్టు దిగి, మెడలో కంపెనీ కార్డుతోనే వచ్చింది. సన్నటి మనిషి. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. కూతుర్ని వరండాలో నిలబెట్టి వచ్చింది.

"నా బిడ్డ ఏమన్నా తప్పు చేసిందా సార్?"

లేదమ్మా అన్నాను. మాత్రికలు నీకెవరు నేర్పారని అడిగాను. ఆమె మొహం విచ్చుకుంది.

"మా మేడం సార్. బంగారట్లా మనిషి. నేను ఫెయిలై సదువు మానేస్తి గానీ, ఆయమ్మ సెప్పిన లెక్క ఒక్కటీ మర్సిపోలేదు."

"పుస్తకంలో పట్టిక తిప్పమని ఉంటుంది కదమ్మా. నువ్వు చూళ్ళేదా?"

"సూసినా సార్." కొంగు వేలికి చుట్టుకుంది. "అప్పుడే సూసినా. పుస్తకంలో తిప్పినారు, మేడం తిప్పలేదు. ఏది నిజమో తెలీలా. పరీక్షలో మేడం సెప్పినట్టే రాసినా. ఫెయిలైనాక, అది అడగాలనే కాలేజీకి పొయినా. పెద్దోళ్ళు నలుగురు కూర్సోనుండారు. వాళ్ళ ముందర, మేడం మీరు తిప్పలేదు కదా అని ఎట్లంటా? ఆయమ్మను తప్పు పట్టినట్టుంటాది. అందుకని నోటితో అడక్కుండా బోర్డు మీద యేసి సూపిస్తి. తప్పైతే ఆయమ్మే సెప్తాదని. మేడం సూసింది, తప్పని అనలే. సరే, ఇది రైటే, నేను ఇంకేడనో తప్పు రాసింటాను, నాకు లెక్కల తలకాయ లేదులే అని ఎల్లిపొయినా."

గౌరవంకొద్దీ ఆ పిల్ల అడగలేదు, భయంకొద్దీ మేడం చెప్పలేదు. ఇద్దరూ ఒకే బోర్డు చూస్తూ నిలబడ్డారు.

"మేడం బాగుండారా సార్? మా పాప మార్కులు ఒకసారి సూపియ్యల్లని ఆశ."

పోయిందమ్మా, పోయిన చలికాలంలో అని చెప్పాను. సెల్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను. తప్పు నీది కాదమ్మా, మేడందే. ఆ మాట నీకు చెప్పాలని ఆమె బతికినన్నాళ్ళూ నీకోసం వెతికింది. ఒకటి, రెండు, మూడు జవాబు వచ్చే ఆ లెక్క కాగితం మీద రాసి చూపించబోయాను. నేను సగం వరసలు రాయకముందే ఆమె వేలు పెట్టింది.

"ఇటు సదివినా అటు సదివినా ఒకటే ఉండాదే. అందుకని తిప్పే పని లేకుండా పొయిందా?"

"అవునమ్మా. ఆ ఒక్క దానికే."

కాగితం తన ముందుకు లాక్కుంది.

"అంటే నాకు లెక్కలు వచ్చినట్టేనా సార్?"

"వచ్చినట్టేనమ్మా. అప్పుడే వచ్చేసినాయి."

ఆమె తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. మేడం ఏళ్ళ తరబడి దేనికి భయపడిందో అది ఇప్పుడు నా గదిలోకి వస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఆ పొద్దు నేను బోర్డు మీద యేస్తాంటే, మేడంకి తెలిసిందా సార్, తప్పని?"

తెలియలేదని చెబితే సరిపోయేది. పోయిన మనిషి పేరు బాగుండేది, ఉన్న మనిషి మనసూ బాగుండేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది మళ్ళీ ఆ రోజు మేడం చేసిన పనే.

"తెలిసిందమ్మా" అన్నాను. ప్రిన్సిపాల్ ఉన్నాడని, కాంట్రాక్టు పోతుందని భయపడిందని చెప్పబోయాను. సెల్వి చెయ్యి అడ్డం పెట్టింది, వద్దన్నట్టు. ఏడవలేదు, తిట్టలేదు. మెడలో కార్డు సరిచేసుకుని, వస్తాను సార్ అని లేచింది.

నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. అప్పుడే బెల్లు కొట్టారు, వరండా నిండా పిల్లలు. కూతురు పరుగెత్తుకొచ్చి ఏమంట మా అని అడిగింది. చుట్టూ ఆ పిల్ల క్లాసువాళ్ళే నిలబడి వింటున్నారు. సెల్వి గొంతు తగ్గించలేదు.

"పట్టిక తిప్పల్లంట పాపా. నేను నీకు నేర్పింది తప్పు."